ఇంటి దీపం నిలవాలంటే: రొమ్ము క్యాన్సరు – కుటుంబ ధర్మం

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



జూబిలీ వంటి శుభ సందర్భంలో క్యాన్సరు మాట ఎత్తడం కొందరికి అశుభంగా తోచవచ్చు. ఆ పేరు పలకడానికే జంకి "ఆ జబ్బు" అని ఊరుకునే ఇళ్ళు నేటికీ ఎన్నో ఉన్నాయి. కాని ఇంట్లో నోరు తెరచి చెప్పుకోలేని సత్యాన్ని చెప్పవలసిన చోటు పాఠశాలయే. అక్షరం నేర్చిన ఊరు తన తల్లుల ఆరోగ్యాన్ని గురించి బహిరంగంగా మాట్లాడుకోలేకపోతే ఆ అక్షరానికి సార్థకత తక్కువ. అందువల్ల ఈ ప్రసంగానికి రొమ్ము క్యాన్సరును, దాని నుండి కోలుకున్న స్త్రీ కుటుంబ జీవితాన్ని విషయంగా ఎన్నుకోవడం జరిగింది.

డెబ్బై అయిదేళ్ళలో వచ్చిన మార్పు

ఒక పాఠశాల వయస్సుతో ఒక శాస్త్రం ప్రగతిని కొలిచి చూడవచ్చు. 75 సంవత్సరాల క్రితం రాయచూరు జిల్లా హైదరాబాదు రాష్ట్రంలో భాగం. 1956లో అది మైసూరు రాష్ట్రంలో చేరింది. ఆనాడు కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఈ అంతర్వేదిలో ఒక స్త్రీకి రొమ్ములో గడ్డ కనిపిస్తే ఆమెకు దారి ఏది? బొంబాయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రి 1941లో వెలసింది. మద్రాసులో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి కృషి ఫలితంగా అడయారు క్యాన్సరు సంస్థ 1954లో ప్రారంభమైంది. తన చెల్లెలు క్యాన్సరుతో మరణించడం చూసిన ఆ మహనీయురాలు, ఆ దుఃఖాన్ని ఆసుపత్రిగా మలిచారు. హైదరాబాదులో నేడు ఎం.ఎన్.జె. సంస్థగా పేరుపొందిన క్యాన్సరు ఆసుపత్రి 1955 నాటిది. బెంగుళూరులో కిద్వాయి సంస్థ 1973లో ఏర్పడింది. అంటే ఈ పాఠశాల తొలి తరం బాలికల తల్లులకు చేరువలో క్యాన్సరు వైద్యమే లేదు.

దూరాభారమైనా వెళ్ళగలిగిన వారికి లభించిన చికిత్స సైతం ఎంతో కఠినమైనది. అమెరికా శస్త్రవైద్యుడు హాల్‌స్టెడ్ 19వ శతాబ్ది చివర ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో రొమ్మును, దాని అడుగున ఉన్న ఛాతీ కండరాలను, చంకలోని గ్రంథులను కలిపి తొలగించేవారు. ప్రాణం దక్కినా చేయి పైకెత్తడం కష్టమయ్యేది. ఎంత ఎక్కువ కోస్తే అంత మేలనే నమ్మకం సుమారు ఎనభై ఏళ్ళు రాజ్యమేలింది.

ఆ నమ్మకాన్ని పరీక్షకు పెట్టినవారు ఇటలీలో వెరోనేసి, అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్. ఫిషర్ బృందం 1976లో ప్రారంభించిన పరిశోధనలో 1,851 మంది స్త్రీలను పరిశీలించారు. కొందరికి రొమ్ము మొత్తం తొలగించారు. కొందరికి గడ్డను, దాని చుట్టూ కొద్ది భాగాన్ని మాత్రమే తీసివేశారు. ఈ రెండవ వర్గంలో కొందరికి అదనంగా రేడియేషన్ ఇచ్చారు. 20 ఏళ్ళ తరువాత, 2002లో వెలువడిన ఫలితాలలో వీరందరి ఆయుర్దాయంలో భేదం కనిపించలేదు. రేడియేషన్ పొందినవారిలో మాత్రం మిగిల్చిన రొమ్ములో గడ్డ తిరిగి రావడం బాగా తగ్గింది. అదే ఏడాది ప్రకటితమైన వెరోనేసి ఫలితాలు కూడ ఈ సత్యాన్నే బలపరిచాయి. చిన్నదశలో గుర్తిస్తే చాలామందికి రొమ్మును తొలగించకుండానే వైద్యం చేయవచ్చునని లోకానికి రుజువైంది. దీనికి తోడు హార్మోను ప్రభావాన్ని అడ్డుకునే టామాక్సిఫెన్ మాత్రలు, 1998 తరువాత వాడుకలోకి వచ్చిన ట్రాస్టుజుమాబ్ వంటి మందులు చికిత్స స్వరూపాన్నే మార్చివేశాయి.

ఇంత శాస్త్రం పెరిగినా 2022లో భారతదేశంలో సుమారు 1 లక్షా 92 వేల మంది స్త్రీలకు ఈ వ్యాధి కొత్తగా సోకినట్లు, సుమారు 98 వేల మంది దీనివల్ల మరణించినట్లు అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ అంచనా వేసింది. మందు ఉన్నది, వైద్యుడు ఉన్నాడు; అయినా ఇన్ని మరణాలెందుకు? చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకోవడమే ఇందుకు ముఖ్య కారణం.

కాలమే ప్రాణం

ఈ మాట ఊహించి చెప్పినది కాదు. 2012 నుండి 2015 వరకు మన దేశంలో వ్యాధి నిర్ధారణ జరిగిన 17 వేల మందికి పైగా స్త్రీల వివరాలను జనాభా క్యాన్సరు నమోదు కేంద్రాలు సేకరించి, వారి యోగక్షేమాలను తరువాతి సంవత్సరాలలో గమనించాయి. 2024లో ప్రకటితమైన ఆ ఫలితాల ప్రకారం, వ్యాధి రొమ్ముకే పరిమితమై ఉన్న దశలో వచ్చినవారిలో అయిదేళ్ళ తరువాత జీవించి ఉన్నవారు 81 శాతం. చంక గ్రంథులకో, చుట్టుపక్కలకో పాకిన తరువాత వచ్చినవారిలో అది 65.5 శాతం. ఎముకలు, కాలేయం, ఊపిరితిత్తులు వంటి దూరపు అవయవాలకు చేరిన తరువాత వచ్చినవారిలో 18.3 శాతం మాత్రమే. వ్యాధి ఒకటే, దేశం ఒకటే. 81కీ 18కీ నడుమ ఉన్న అగాధం చాలావరకు ఆలస్యం తవ్వినదే.

ఆ ఆలస్యం ఎక్కడ జరుగుతున్నది? మొదటిది స్త్రీ మనస్సులో. రొమ్ములో పుట్టే క్యాన్సరు గడ్డ సాధారణంగా నొప్పి పెట్టదు. నొప్పి లేనిదాన్ని జబ్బుగా ఎంచే అలవాటు పల్లె స్త్రీకి లేదు. కలుపు తీతలు, పత్తి ఏరే పనులు, మిరప కోతలు, పిల్లల పరీక్షలు, ఆడపడుచు పెళ్ళి – ఇవన్నీ ముగిసిన తరువాత చూద్దామనుకుంటుంది. రెండవది సిగ్గు. మగ వైద్యునికి ఎలా చూపాలి, అత్తగారితో ఎలా చెప్పాలి అని నెలలు గడుపుతుంది. మూడవది భయం. "సూది గుచ్చితే జబ్బు ఒళ్ళంతా పాకుతుంది" అని ఎవరో అనగానే పరీక్ష మానుకొని ఆకు పసరు కట్టించుకుంటుంది. సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించే బయాప్సీ వల్ల వ్యాధి వ్యాపించదు. ఆ పరీక్ష లేకుండా వ్యాధి నిర్ధారణయే కాదు. పసరు కట్టుకుంటూ పోగొట్టుకున్న ఆరు నెలలను ఏ వైద్యుడూ తిరిగి తెచ్చి ఇవ్వలేడు.

గుర్తించవలసిన లక్షణాలు ఎక్కువేమీ లేవు. కంఠస్థం చేయదగినంత కొద్ది. రొమ్ములో గాని చంకలో గాని కొత్తగా గడ్డ తగలడం, చర్మం సొట్టపడడం లేదా నారింజ తొక్క వలె గరుకుగా మారడం, చనుమొన లోపలికి లాగుకొని పోవడం, చనుమొన నుండి నెత్తురు వంటి స్రావం రావడం, మానని పుండు, ఒక రొమ్ము ఆకారంలో కొత్తగా వచ్చిన మార్పు – వీటిలో ఏది కనిపించినా వైద్యునికి చూపాలి. తగిలిన ప్రతి గడ్డా క్యాన్సరు కాదు. అధిక భాగం ప్రమాదం లేనివే. కాని ఏది ప్రమాదమో, ఏది కాదో చేతితో తడిమి ఇరుగు పొరుగు తేల్చలేరు. అరుదుగా పురుషులకు సైతం ఈ వ్యాధి వస్తుందనే సంగతి కూడ తెలుసుకొనడం మంచిది.

తెలుగు నేలపై మూడు ఉదాహరణలు

వ్యాధిని జయించిన వారి కథలు దూరదేశాల నుండి తెచ్చుకోనవసరం లేదు. హైదరాబాదులో ప్రసూతి వైద్యురాలిగా పేరొందిన డాక్టర్ ఉషాలక్ష్మీ కుమారికి 2002లో రొమ్ము క్యాన్సరు ఉన్నట్లు తేలింది. ఎందరో తల్లులకు పురుడు పోసి ధైర్యం చెప్పిన చేతికే ఆ పరీక్ష వచ్చింది. ఆమె చికిత్స పొంది కోలుకున్నారు. ఇంగ్లండులో శస్త్రవైద్యునిగా స్థిరపడిన ఆమె కుమారుడు డాక్టర్ పి. రఘురామ్, తల్లికి వచ్చిన కష్టాన్ని తమ ఇంటి కష్టంగా మాత్రమే చూడలేదు. 2007లో స్వదేశానికి తిరిగి వచ్చి, హైదరాబాదులో తల్లి పేరిట రొమ్ము వ్యాధుల చికిత్సా కేంద్రాన్ని, ఉషాలక్ష్మి బ్రెస్ట్ క్యాన్సర్ ఫౌండేషన్‌ను నెలకొల్పారు. 2012, 2016 సంవత్సరాల నడుమ ఆ సంస్థ ఆధ్వర్యంలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పల్లెలలో రెండు లక్షలకు పైగా పేద స్త్రీలకు రొమ్ము పరీక్షలు జరిగాయి. 2015లో ఆయనకు పద్మశ్రీ లభించింది. తల్లి ఋణం తీర్చుకొనే మార్గాలలో ఇది ఉత్తమమైనది. ఇందులో గమనించవలసిన విషయం మరొకటి ఉన్నది. ఆ తల్లి తన వ్యాధిని దాచుకొని ఉంటే తన పేరు పెట్టనిచ్చేది కాదు. "నాకు వచ్చింది, నేను నిలిచాను" అని చెప్పడానికి అంగీకరించడమే వేలాది స్త్రీలకు ఆమె చేసిన మొదటి చికిత్స.

రెండవ ఉదాహరణ శ్రీకాకుళంలో జన్మించిన నటి గౌతమి. 35 ఏళ్ళ వయస్సులో స్వయంగా పరీక్షించుకుంటూ రొమ్ములో గడ్డను తానే కనుగొన్నారు. అప్పటికి ఆమె కుమార్తె చాలా చిన్నది. శస్త్రచికిత్స, మందులు, రేడియేషన్ – అన్నింటినీ దాటి, బిడ్డను పెంచి పెద్దచేశారు, తిరిగి నటించారు, తనవంటి రోగులకు ధైర్యం చెప్పడానికి "లైఫ్ ఎగెయిన్" అనే సంస్థను స్థాపించారు. చిన్న బిడ్డ తల్లికి ఈ వ్యాధి వస్తే ఆ ఇల్లు ఇక లేవదనే మాట నిజం కాదని ఆమె జీవితం చెబుతున్నది.

మూడవది తెలుగు చలనచిత్రాలలో ప్రసిద్ధురాలైన హంసానందిని. తల్లిని ఇదే వ్యాధి వల్ల పోగొట్టుకున్న ఆమె, తనకు కూడ రొమ్ము క్యాన్సరు వచ్చినట్లు 2021 డిసెంబరులో స్వయంగా ప్రకటించారు. వంశపారంపర్యంగా వచ్చే బి.ఆర్.సి.ఎ.1 అనే జన్యు దోషం తనలో ఉన్నదని కూడ తెలియజేశారు. ఈ జన్యువును శాస్త్రజ్ఞులు 1994లో గుర్తించారు. చికిత్స అనంతరం ఆమె మళ్ళీ తన వృత్తిలోకి వచ్చారు. తల్లికి ఉన్నది కనుక కూతురికి తప్పదని దీని అర్థం కాదు. మొత్తం రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యమైనవి నూటికి అయిదు నుండి పది వరకే. కాని తల్లికో, అక్కచెల్లెళ్ళకో చిన్న వయస్సులో ఈ వ్యాధి వచ్చి ఉంటే, ఆ ఇంటి ఆడపిల్లలు ఆ సంగతిని వైద్యునికి చెప్పి, ఏ వయస్సు నుండి ఏ పరీక్షలు అవసరమో తెలుసుకోవాలి. ఇంటి చరిత్రను దాచడం పరువు కాదు. అది రాబోయే తరానికి చేసే అపకారం.

కోలుకునే కాలంలో ఇల్లు

చికిత్స అన్నది ఆసుపత్రిలో సగం, ఇంటిలో సగం. శస్త్రచికిత్స కొన్ని రోజులలో ముగుస్తుంది. మందు ఎక్కించే కీమో చికిత్స సాధారణంగా కొన్ని నెలలు సాగుతుంది. పల్లెల్లో "కరెంటు పెట్టడం" అని పిలిచే రేడియేషన్‌కు మూడు నుండి అయిదు వారాలు దాదాపు ప్రతిదినం వెళ్ళవలసి ఉంటుంది. హార్మోను మాత్రలు అవసరమైన వారు వాటిని అయిదేళ్ళు, కొందరు పదేళ్ళు వేసుకోవాలి. జాలహళ్ళి వంటి గ్రామం నుండి దేవదుర్గకు, అక్కడి నుండి రాయచూరుకు, అటుపై హైదరాబాదుకో బెంగుళూరుకో ప్రయాణం చేసే కుటుంబానికి ఇది తేలిక భారం కాదు. విత్తనాల సమయం రాగానే రేడియేషన్ మధ్యలో మానివేసి తిరిగి వచ్చే స్త్రీలు ఉంటారు. సగంలో ఆపిన చికిత్స సగం ఫలితమైనా ఇస్తుందనుకోవడం పొరపాటు. అదుపులోకి రాని వ్యాధి మళ్ళీ తలయెత్తవచ్చు.

కనుక భర్త, అత్తమామలు, పెద్దపిల్లలు కూర్చొని చికిత్స కాలానికి ఒక పంచాంగం వేసుకోవాలి. ఏ నెలలో ఎవరు వెంట వెళ్ళాలి, పశువులను ఎవరు చూడాలి, వంట ఎవరు చేయాలి, చిన్నపిల్లలను ఏ మేనత్త ఇంటనో అమ్మమ్మ ఇంటనో ఉంచాలా అన్నవి ముందే తేల్చుకోవాలి. ఖర్చు విషయంలో అప్పుకు పరుగెత్తడానికి ముందు ప్రభుత్వ పథకాలను విచారించాలి. దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబాల పెద్ద వ్యాధులకు కర్ణాటకలో వాజపేయి ఆరోగ్యశ్రీ పథకం 2010లో మొదలైనది ఈ గుల్బర్గా విభాగంలోనే. 2018లో ఆయుష్మాన్ భారత్ – ఆరోగ్య కర్ణాటక పథకం వచ్చింది. రేషను కార్డు, ఆధారు కార్డు, పరీక్షల కాగితాలు ఒక సంచిలో క్రమంగా ఉంచుకోవడం చిన్న విషయంగా కనిపిస్తుంది. కాని ఊరుగాని ఊరిలో ఆసుపత్రి గుమ్మం ముందు నిలబడినప్పుడు దాని విలువ తెలుస్తుంది. ఇంట్లో తెలుగు, బజారులో కన్నడం, ఆసుపత్రి కాగితాలు ఇంగ్లీషు – ఈ మూడింటి నడుమ తల్లికి దారి చూపగలిగేది చదువుకున్న కొడుకు, కూతురు. పాఠశాల పెట్టిన భిక్ష అక్కడ ఉపయోగపడాలి.

కీమో జరుగుతున్నప్పుడు జుట్టు రాలుతుంది. చికిత్స ముగిసిన తరువాత మళ్ళీ వస్తుంది. నోరు పూస్తుంది, వాంతులు రావచ్చు, నీరసం కలుగుతుంది. వీటిని తగ్గించే మందులు ఉన్నాయి. తెల్ల రక్తకణాలు తగ్గి రోగనిరోధక శక్తి సన్నగిల్లుతుంది కనుక, కాచి చల్లార్చిన నీరు, అప్పుడే వండిన వేడి ఆహారం ఇవ్వాలి. 100.4 డిగ్రీలకు మించి జ్వరం వస్తే తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాలి. పథ్యం పేరిట పాలు, పప్పు, గుడ్డు మాన్పించడం ఈ ప్రాంతపు ఇళ్ళలో తరచుగా జరిగే అపచారం. చికిత్సలో ఉన్న శరీరానికి బలం కావాలి. జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర, పెరుగు, గుడ్డు – ఇంట్లో అందరూ తినే శుభ్రమైన భోజనమే ఆమెకూ మందు.

చంకలోని గ్రంథులు తీసినవారికి ఆ వైపు చేయి వాచే అవకాశం ఉన్నది. అందుకని వైద్యులు నేర్పిన చేతి వ్యాయామాలు మానరాదు. ఆ చేతికి గాయాలు కాకుండ కాపాడుకోవాలి. పత్తి ఏరేటప్పుడు, కంప నరికేటప్పుడు, మిరప తోటలో పనిచేసేటప్పుడు చేతికి తొడుగు వేసుకోవడం, ముల్లు గీరుకుంటే సబ్బుతో కడిగి మందు రాయడం, చేయి ఎర్రబడి వేడెక్కితే వెంటనే చూపించడం – వ్యవసాయ కుటుంబాల స్త్రీలకు ఈ జాగ్రత్తలు ముఖ్యం. నీళ్ళ బిందె మోయడం కొంతకాలం ఇంటి మగవారు నేర్చుకుంటే ఆ ఇంటి గౌరవానికి లోటు రాదు.

ఇక చెప్పక తప్పనిది, సాధారణంగా సభలలో చెప్పనిది ఒకటున్నది. రొమ్ము తొలగించిన స్త్రీ అద్దం ముందు నిలబడడానికి భయపడుతుంది. భర్త ముందు నిలబడడానికి ఇంకా భయపడుతుంది. "ఇక ఈమె పూర్తి స్త్రీ కాదు" అన్న మాట ఎవరూ అనకపోయినా ఆమె చెవులలో మోగుతూనే ఉంటుంది. ఆ సమయంలో భర్త చూపే ఆదరణకు ప్రత్యామ్నాయం ఏ ఔషధాలయంలోను దొరకదు. క్యాన్సరు అంటువ్యాధి కాదు. ఒకే కంచంలో తిన్నా, పక్కన పడుకున్నా, బిడ్డను ఒడిలోకి తీసుకున్నా అది సోకదు. దాంపత్య జీవితానికి ఈ వ్యాధి అడ్డుగోడ కానవసరం లేదు. చికిత్స కాలంలో గర్భం రాకుండ వైద్య సలహాపై జాగ్రత్తపడాలి. ఆ తరువాత బిడ్డను కోరుకునే యువతులకు కూడ ఆశ ఉన్నది. హార్మోను మాత్రలు వాడుతున్న 518 మంది యువతులపై జరిగి, 2023లో ప్రకటితమైన అంతర్జాతీయ పరిశోధనలో, వైద్యుల పర్యవేక్షణలో మాత్రలను తాత్కాలికంగా ఆపి గర్భం ధరించడానికి ప్రయత్నించినవారిలో, ఆ స్వల్పకాలంలో వ్యాధి తిరగబెట్టడం పెరగలేదని తేలింది. అయితే మాత్రలు ఎప్పుడు ఆపాలన్నది వైద్యుడే నిర్ణయించాలి.

పిల్లలకు చెప్పాలా వద్దా అన్నది చాలా ఇళ్ళలో తెగని ప్రశ్న. చెప్పకపోయినా పిల్లలకు తెలుస్తుంది. తలుపు చాటు మాటలు, పెద్దల కన్నీళ్ళు, రాలిన జుట్టు వారికి ఏదో చెబుతూనే ఉంటాయి. తెలియని భయం తెలిసిన భయం కంటె పెద్దది. "అమ్మకు జబ్బు చేసింది, వైద్యులు మందు ఇస్తున్నారు, ఇది ఎవరి తప్పూ కాదు" అని వయస్సుకు తగిన మాటలతో చెప్పిన ఇంటిలో పిల్లవాడు తరగతిలో నిలకడగా ఉంటాడు. ఉపాధ్యాయునికి కూడ ఒక మాట తెలియజేస్తే, హోంవర్కు చేయని పిల్లవాడిని దండించడానికి ముందు ఆయన ఆలోచిస్తాడు.

"ఆ ఇంటి పిల్లను ఎవరు చేసుకుంటారు?" అన్న ఒక్క భయంతో తల్లి జబ్బును దాచిన కుటుంబాలు ఉన్నాయి. కూతురి పెళ్ళి కోసం తల్లి ప్రాణాన్ని పణంగా పెట్టడం ఏ ధర్మశాస్త్రమూ చెప్పలేదు. ఇటువంటి భయాన్ని పోగొట్టడం ఒక్క ఇంటి వల్ల కాదు, ఊరంతా కలిసి చేయవలసిన పని. వ్యాధి వచ్చిన ఇంటిని శుభకార్యాలకు పిలవడం, కోలుకున్న స్త్రీ చేత పేరంటంలో పసుపు కుంకుమలు ఇప్పించడం వంటివి చట్టాలు చేయలేని మేలు చేస్తాయి.

కోలుకున్నవారి మాట

1952లో అమెరికాలో టెరీస్ లాసర్ అనే గృహిణి శస్త్రచికిత్స పొందిన తరువాత, చేయి ఎలా కదపాలో, బట్ట ఎలా కట్టుకోవాలో, ఇంటికి వెళ్ళి ఎలా బ్రతకాలో చెప్పేవారు ఎవరూ లేకపోవడం చూసి, తానే ఇతర రోగుల వద్దకు వెళ్ళి చెప్పడం ప్రారంభించింది. ఆ ప్రయత్నం తరువాత ప్రపంచవ్యాప్త ఉద్యమమైంది. వైద్యుడు చెప్పిన వంద మాటల కంటె, అదే బాధ పడి లేచిన స్త్రీ చెప్పిన ఒక్క మాట రోగికి బలం ఇస్తుంది. ఆ పనికి భవనం అక్కరలేదు, చందాలు అక్కరలేదు. ఒక వాకిలి, ఒక చాప, కొంత సమయం చాలు.

చికిత్స ముగియగానే అంతా అయిపోయినదని అనుకోరాదు. మొదటి కొన్ని సంవత్సరాలు మూడు నుండి ఆరు నెలలకొకసారి వైద్యునికి చూపించుకోవాలి. మిగిలిన రొమ్ముకు ఏడాదికొకసారి మామోగ్రాం తీయించుకోవాలి. మాత్రలు తమంతట తాము మానరాదు. ప్రతిదినం కొంతదూరం నడవాలి. బరువు పెరగకుండ చూసుకోవాలి. పొగాకు, మద్యాలకు దూరంగా ఉండడం ఇంటిల్లిపాదికీ మంచిది.

ఇక నివారణ సంగతి. ఈ వ్యాధిని పూర్తిగా రాకుండ ఆపే మార్గం లేదు. కాని తల్లిపాలు బిడ్డకే కాక తల్లికి కూడ కొంత రక్ష. 30 దేశాల అధ్యయనాలను కలిపి పరిశీలించిన 2002 నాటి నివేదిక, పాలిచ్చిన ప్రతి 12 నెలలకు తల్లికి ఈ వ్యాధి ముప్పు 4.3 శాతం చొప్పున తగ్గుతుందని తెలిపింది. అలాగని పాలిచ్చిన తల్లులకు ఈ వ్యాధి రాదని ధీమా పడరాదు.

ముందుగా గుర్తించడానికి పెద్ద యంత్రాలే కావాలన్న నియమం కూడ లేదు. ముంబయి మురికివాడలలో 1998లో టాటా మెమోరియల్ వైద్యులు ప్రారంభించిన పరిశోధనలో లక్షా 51 వేలకు పైగా స్త్రీలు పాల్గొన్నారు. వారిలో ఒక వర్గానికి రెండేళ్ళకొకసారి చేతితో రొమ్ము పరీక్ష చేశారు. పరీక్ష చేసినవారు వైద్యులు కారు; ప్రత్యేక శిక్షణ పొందిన మహిళా ఆరోగ్య కార్యకర్తలు. 2021లో వెలువడిన ఫలితాల ప్రకారం పరీక్ష జరిగిన వర్గంలో వ్యాధి తొలిదశలోనే బయటపడింది. 50 ఏళ్ళు, ఆ పైబడిన స్త్రీలలో ఈ వ్యాధి మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. 50 ఏళ్ళలోపు వారిలో మాత్రం మరణాలలో అటువంటి తగ్గుదల కనిపించలేదు. 30 నుండి 65 ఏళ్ళ స్త్రీలకు ఈ పరీక్ష జరగాలని 2016లో కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలు ఇచ్చింది. ఆశా కార్యకర్త ఇంటి ముందుకు వచ్చి పేరు అడిగినప్పుడు "మాకేం జబ్బు లేదు, పో" అనకుండ, ఆమె వెంట ఉపకేంద్రానికి వెళ్ళడం ప్రతి గృహిణి కర్తవ్యం.

ముంబయిలో ఆ పరీక్షలు చేసినవారి వంటి స్త్రీలు ఎక్కడి నుండో రానక్కరలేదు. ఈ పాఠశాల బల్లలపై కూర్చొని చదువుకునే ఆడపిల్లలే రేపు ఆ ఆశా కార్యకర్తలు, నర్సులు, వైద్యులు కావచ్చు. ఏదీ కాకపోయినా ప్రతి ఒక్కరు ఒక తల్లికి కూతురు, ఒక ఇంటికి కోడలు అవుతారు. ఇంటికి దీపం ఇల్లాలు అంటారు. ఆ దీపానికి చమురు పోయడం, గాలి తగలకుండ అరచేయి అడ్డుపెట్టడం ఇంట్లో మిగిలిన అందరి పని. బాలురు ఇది ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. తల్లి "ఏమీ లేదురా" అన్నప్పుడు ఆ మాటను అక్కడితో విడిచిపెట్టక, మరొకసారి అడిగే కొడుకు ఒక ప్రాణాన్ని కాపాడగలడు.

ఈ వేడుక ముగిసి ఇళ్ళకు చేరిన తరువాత, ప్రతి ఇంటిలోను ఈ రాత్రి ఈ విషయం ఒక్కసారి చర్చకు వస్తే, తల్లి తన ఆరోగ్యాన్ని గురించి నోరు విప్పితే, ఇంటి పెద్ద చెవి ఒగ్గి వింటే, ఈ ప్రసంగ ప్రయోజనం నెరవేరినట్లే. పాఠశాల నూరేళ్ళ పండుగకు నేటి తల్లులందరూ మనుమలను, మనుమరాండ్రను వెంటబెట్టుకొని ఆరోగ్యంతో ఈ ప్రాంగణానికి రావాలని ఆకాంక్ష.